ఆ లాడ్జి బిల్లుల మీద చేతిరాత నాది

మా బీరువా కింది అరలో, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్ ఉన్న ఫైలు కింద, ఒక లాడ్జి బిల్లు పుస్తకం ఉంది. ఒంగోలులో ఏదో లాడ్జిది. యాభై బిల్లుల పుస్తకంలో పదకొండు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మిగతావన్నీ ఒకప్పుడు మా ఆయనగా ఉన్న మనిషి కంపెనీకి వెళ్లిపోయాయి. ఆయన మందుల కంపెనీలో ఏరియా మేనేజరు. టూర్ ప్రోగ్రాంలో అవుట్‌స్టేషన్ అని రాసి, మా ఇంట్లోనే దుప్పటి కప్పుకుని పడుకున్న రాత్రులకి లాడ్జి అద్దె, డీఏ (రోజువారీ భత్యం) వచ్చేవి. నెలాఖరున ఎక్స్‌పెన్స్ స్టేట్‌మెంట్ పంపే రోజు మా ఇంట్లో చిన్న పండగ. ఆ డబ్బుతో ఓసారి నాకు మిక్సీ కూడా కొన్నాడు. మిక్సీ ఇంకా పనిచేస్తోంది.

విడాకులు వచ్చిన రెండో ఏడు, మనోవర్తి వరసగా ఐదు నెలలు ఆగిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తడు. ఒక రాత్రి పిల్లాణ్ణి పడుకోబెట్టి, ఆయన కంపెనీకి మెయిల్ రాయడం మొదలుపెట్టాను. రెండింటికి ముగించాను. హెచ్ఆర్ హెడ్‌కి, ఆయన పైవాడికి, ముంబైలో ఉన్న ఎండీకి. సీసీలో ఆయన కింద పనిచేసే పద్నాలుగు మంది మెడికల్ రెప్‌లు. బిల్లుల ఫోటోలు తొమ్మిది. దొంగ టూర్లతో మొదలై, వాళ్లమ్మ నన్నన్న మాటల మీదుగా, ఇంకో ఆవిడ పేరు దాకా వెళ్లింది ఆ మెయిల్.

పంపలేదు. బుద్ధి తెచ్చుకుని ఆగాననుకోకండి. ఫోటోలు బరువెక్కి మెయిల్ వెళ్లనంది. రెండుసార్లు నొక్కి, ఏడ్చి, పడుకున్నాను.

పొద్దున్నే ప్రింటు తీసుకుని మా లాయరమ్మ దగ్గరకి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని నాలుగు పేజీలూ చదివింది. ఇలాంటివి చదివీ చదివీ అలిసిపోయిన మొహం. "బాగానే రాశావమ్మాయ్. ఈ బిల్లుల మీద చేతిరాత ఎవరిది?" అంది.

ఆయన రాత కోడి గెలికినట్టు ఉంటుంది. అందుకే అవన్నీ నాతో రాయించేవాడు. "నాది మేడమ్" అన్నాను.

ఆవిడ ఇంకేం అనలేదు. నా మెయిల్ కంపెనీకి చేరి, వాళ్లు మోసం, ఫోర్జరీ అని పోలీసులకి ఫిర్యాదు చేస్తే, రాసిన చెయ్యి ఎవరిదన్న ప్రశ్న మొట్టమొదటే వస్తుందని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. సాక్ష్యం అని నేను జతచేసిన తొమ్మిది ఫోటోలూ నా మీద సాక్ష్యాలు కూడా. మనం "ఆయన తప్పు" అని చెప్పే చాలా విషయాల్లో ఆ ఇంట్లో ఉన్న మనకీ కొంత వాటా ఉంటుంది. జాయింటు అకౌంటులో పడిన కమిషన్, మన పేరున కొన్న స్థలం, మన సంతకంతో వెళ్లిన అద్దె రసీదు, ఇలాంటివి. ఉత్తరం రాసేముందు ఈ లెక్క చూసుకునేవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు. నేనూ చూసుకోలేదు.

మా పిన్ని మాత్రం ఇప్పటికీ, "రాసి పడెయ్యవే, ఉద్యోగం ఊడితే గానీ తెలిసిరాదు వాడికి" అంటుంది. మా తమ్ముడిది ఇంకో ప్రశ్న. "నిజమే కదక్కా రాసేది. నిజం రాస్తే కేసేంటి?" ఈ వ్యాసం చాలావరకు వాడికి జవాబు.

నిజం ఒక్కటే చాలదురా. సివిల్ కోర్టులో పరువు నష్టం దావా వేస్తే, నిజమని రుజువు చేసుకుంటే బయటపడొచ్చు. క్రిమినల్ కేసు అలా కాదు. 2024 జూలై 1కి ముందు అది పాత శిక్షాస్మృతి ఐపీసీలో 499, 500 సెక్షన్లు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టం సమాజ సేవ కూడా కలిపింది. అక్కడ నిజం అని చూపిస్తే సరిపోదు, అది చెప్పడం ప్రజల మేలుకోసం అని కూడా చూపించాలి. ఇంకో ఆవిడ పేరు పద్నాలుగు మంది రెప్‌లకి తెలియడం ఏ ప్రజల మేలుకోసం? 2016లో ఈ నేరం రాజ్యాంగానికి విరుద్ధమని వాదనలు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు కాదంది, ఉంచింది.

అయితే చట్టం నోరు పూర్తిగా నొక్కెయ్యలేదు. అదే సెక్షన్‌లో ఎనిమిదో మినహాయింపు ఉంది. ఒక మనిషి మీద ఆ విషయంలో అధికారం ఉన్నవాళ్లకి సద్భావంతో చేసిన ఫిర్యాదు పరువు నష్టం కాదు. దానికింద ఉదాహరణ చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నౌకరు నడవడిక గురించి అతని యజమానికి సద్భావంతో ఫిర్యాదు చేస్తే నేరం కాదట. 1860 నాటి చట్టంలో రాసిన ఉదాహరణ అది, 2023లో చట్టం పేరు మార్చినా దాన్ని కదపలేదు. ఐపీసీ ముసాయిదా రాసిన మెకాలే కాలంలోనే నా మెయిల్ ఊహించేశారన్నమాట. "మరి ఇంకేం మేడమ్" అన్నాను ఉత్సాహంగా. ఆవిడ ఆ వాక్యంలో రెండు మాటల కింద గీత గీసింది. "ఆ విషయంలో అధికారం", "సద్భావం".

ఆ గీతల దగ్గర నా మెయిల్ ముక్కలైపోయింది. టూర్ బిల్లుల మీద అధికారం హెచ్ఆర్‌కి, ఆయన పైవాడికి ఉంది. ఆయన కింద పనిచేసేవాళ్లకి ఆయన మీద ఏ అధికారమూ లేదు. మరి సీసీలో వాళ్లెందుకు? ఆయన రేపు మీటింగులో తలెత్తుకోకూడదని. అదే నా ఉద్దేశం, దాచుకోవడం ఎందుకు. ఇక వాళ్లమ్మ నన్నన్న మాటల మీద ఏ కంపెనీ హెచ్ఆర్‌కైనా అధికారం ఉంటుందా? నాలుగు పేజీల్లో కంపెనీకి సంబంధించింది ముప్పావు పేజీ. మిగతాదంతా కాపురం.

సద్భావం అంటే మంచి మనసు అని మనం అనుకుంటాం. చట్టం దృష్టిలో తగిన శ్రద్ధ, జాగ్రత్త లేకుండా చేసినదేదీ సద్భావం కాదు. పైగా మినహాయింపు నాకు వర్తిస్తుందని చూపించాల్సిన భారం నా మీదే. పంజాబ్‌లో ఒక మున్సిపాలిటీ అధ్యక్షుడు ఒక నర్సు నడవడిక బాగాలేదని పైవాళ్లకి ఉత్తరం రాశాడు. ఆవిడ కేసు పెట్టింది. అతను ఇదే సద్భావం మాట పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1970లో అక్కడ కూడా ఓడిపోయాడు. విచారించి, తెలుసుకుని రాశానని అతను చూపించలేకపోయాడు. నా మెయిల్లో ఆ ఇంకో ఆవిడ సంగతి నాకెలా తెలుసు? మా తోటికోడలు చెప్పింది. తోటికోడలికి ఎవరు చెప్పారో నేనడగలేదు.

కేసు పెడితే పోలీసులు ఇంటికొచ్చి పట్టుకుపోరు. బెయిలొచ్చే నేరమే. ఆయన మెజిస్ట్రేట్ ముందు ప్రైవేటు కంప్లయింట్ వేసుకోవాలి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం కేసు తీసుకునేముందే నా మాట కూడా వినాలి. ఇదంతా ధైర్యంగానే వినిపిస్తుంది, వాయిదాలు గుర్తొచ్చేదాకా. క్రిమినల్ కేసుకి ఆయనకి మూడేళ్ల గడువుంది, సివిల్ దావాకి ఏడాది. పైగా ఎండీ ఆ మెయిల్ తెరిచింది ముంబైలో కాబట్టి కేసు అక్కడ వేసే వీలుంది. గుంటూరు నుంచి ముంబైకి పిల్లాణ్ణి ఎవరి దగ్గర పెట్టి వెళ్తాను? గెలిచినా ఓడినా రైలు టిక్కెట్లు నావే.

ఇంకా విడాకులు రానివాళ్లకి ఇంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. రాసిన ఉత్తరమే అవతలివాళ్లకి విడాకుల కారణమవుతుంది.

హైదరాబాద్ జంట కేసొకటుంది, 2013లో సుప్రీంకోర్టు తీర్పు. 1999 ఏప్రిల్‌లో పెళ్లి, రెండు రోజులకే ఎవరింటికి వాళ్లు. భర్త ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఉద్యోగి. భార్య అతని కుటుంబం మీద కేసులు పెట్టడమే కాక, అతన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యమని హైకోర్టుకే ఫిర్యాదు ఇచ్చింది. ఉద్యోగానికో వ్యాపారానికో దెబ్బ తగిలేలా ఫిర్యాదులు చేయడం, నిరాధారమైన ఆరోపణలు గుప్పించడం మానసిక క్రూరత్వం అవుతుందని సుప్రీంకోర్టు అంది. అతనికి విడాకులిచ్చింది, ఆవిడకి 15 లక్షల శాశ్వత భరణం ఇప్పించింది. రెండు రోజుల కాపురం, పద్నాలుగేళ్ల కోర్టు.

2021 ఫిబ్రవరిలో వచ్చినది ఇంకోటి. భర్త సైన్యంలో అధికారి, భార్య ఉత్తరాఖండ్‌లో ప్రభుత్వ కాలేజీ అధ్యాపకురాలు, పీహెచ్‌డీ. వాళ్లు కలిసి ఉన్న కొద్ది నెలల్లో కొన్ని మన విశాఖపట్నంలోనే. ఆవిడ భర్త పై అధికారులకి వరసగా ఫిర్యాదులు రాసింది, ఆర్మీ చీఫ్ దాకా. సైన్యం విచారణ జరిపింది, అతని పదోన్నతులు దెబ్బతిన్నాయి. ఇవన్నీ మధ్యతరగతి సంసారాల్లో మామూలు ఒరిపిడే అని అక్కడి హైకోర్టు తేల్చేస్తే, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాపురం నిలబెట్టుకోవడానికే రాశానని ఆవిడ చెప్పిన మాట నిలవలేదు. ఈ కేసు చదివినప్పుడు నాకు ఆవిడ మీద కోపం రాలేదు, జాలేసింది. చదువుకున్న మనిషి. ఉత్తరం వెనక ఉత్తరం రాస్తూ కూర్చున్న ఆ రాత్రులు నాకు తెలుసు.

నా మట్టుకు విడాకులు అయిపోయాయి కాబట్టి క్రూరత్వం గొడవ లేదు. కానీ పరస్పర అంగీకారంతో తీసుకున్నప్పుడు కోర్టులో దాఖలు చేసిన రాజీ పత్రంలో, ఇకమీదట ఒకరి మీద ఒకరం ఏ అధికారి ముందూ ఫిర్యాదు చేయబోమని ఒక వాక్యం ఉంది. ఆ రోజు చదవకుండానే సంతకం పెట్టాను, అందరం అంతే. నేరాన్ని కప్పిపెట్టడానికి చేసుకున్న ఒప్పందం చెల్లదు, అది వేరే సంగతి. కానీ కాపురం మీద కోపంతో రాసిన మూడు పేజీలకి ఆ రక్షణ దొరకదు. కోర్టుకిచ్చిన మాట తప్పానని ఆయన ధిక్కార పిటిషన్ వేయొచ్చు.

బెదిరింపు గురించి ఒక్క మాటే చెప్తాను, ఎందుకంటే ఇది అందరూ చేసే పొరపాటు. "డబ్బు పంపకపోతే మీ ఆఫీసుకి రాస్తా" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టకండి. మీకు న్యాయంగా రావాల్సిన డబ్బే అయినా సరే. పరువు తీస్తానని బెదిరించి డబ్బడగడం చట్టం కళ్లకి బలవంతపు వసూలులా కనిపించొచ్చు, క్రిమినల్ బెదిరింపు కేసు దానికి తోడు కావొచ్చు. నేను అలాంటి మెసేజ్ ఒకటి పంపాను. ఆయన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాడని తరవాత తెలిసింది.

ప్రభుత్వోద్యోగుల దగ్గర పరిస్థితి కొంచెం వేరు. వాళ్ల ప్రవర్తనా నియమావళి కాపురంలోకి కూడా తొంగిచూస్తుంది. భార్య బతికుండగా ఇంకో పెళ్లి చేసుకుంటే శాఖాపరమైన చర్య ఉంటుంది, అది శాఖ విషయమే కాబట్టి రాసే హక్కు మీకుంది. మనవాళ్లు మాత్రం అక్కడ ఆకాశరామన్న ఉత్తరం రాస్తారు. పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే చెప్పింది. పైగా భార్యాభర్తల గొడవలో ఆకాశరామన్న ఎవరో ఆఫీసు మొత్తానికీ మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. ఇక తెలిసి తెలిసి అబద్ధం రాసి ప్రభుత్వాధికారి చేత ఎదుటివాడికి హాని చేయించాలని చూస్తే, పాత ఐపీసీ 182 బదులు వచ్చిన న్యాయ సంహిత 217 కింద ఏడాది దాకా జైలుంది.

వాట్సాప్ చాట్లు, దొంగచాటు రికార్డింగుల గురించి కూడా జనం చాలా ఊహించుకుంటారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు భార్యాభర్తల మధ్య రహస్యంగా చేసిన ఫోన్ రికార్డింగులని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. దాన్ని పట్టుకుని రికార్డింగులు హెచ్ఆర్‌కి పంపేవాళ్లని చూశాను. ఆ తీర్పు దంపతుల మధ్య కోర్టులో నడిచే గొడవ గురించి. ఆఫీసు మెయిల్‌బాక్సు ఫ్యామిలీ కోర్టు కాదు. కాపురంలో ఉండగా ఒకరికొకరు చెప్పుకున్న మాటలకి సాక్ష్య చట్టం వేసిన తెర విడాకులతో లేచిపోదని 1968లోనే కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో తేలింది. ఆయన పాస్‌వర్డ్ మీకు గుర్తుంది కదా అని మెయిల్ తెరిచి కాగితాలు తీశారనుకోండి, అది ఐటీ చట్టం కింద ఇంకో నేరం.

ఇదంతా చదివి, నోరుమూసుకుని పడి ఉండమంటున్నానని అనుకోవద్దు. ఆ సలహా ఇచ్చే పెద్దమనుషులంటే నాకు మా పిన్ని కంటే ఎక్కువ చిరాకు. రాయాల్సిన సందర్భాలున్నాయి. మాజీ భర్త బడిలో పనిచేస్తూ పిల్లల మీద చెయ్యి వేస్తున్నాడని తెలిస్తే చెప్పకపోవడమే నేరం, పోక్సో చట్టం 19, 21 సెక్షన్ల ప్రకారం. అప్పుడు కూడా హెడ్మాస్టరుకి ఉత్తరం చాలదు, పోలీసులకి చెప్పాలి. మందుల శాంపిళ్లు గడువు తేదీ మార్చి అమ్ముతున్నాడని నా కళ్లతో చూసి ఉంటే, రాజీ పత్రం ఉన్నా రాసేదాన్ని. ఒక్క పేజీ, ఆ విషయంలో అధికారం ఉన్న ఒక్కరికే, నేను చూసింది, చూసిన తేదీ, నా పేరు, నా సంతకం. కాపురం ఊసు ఒక్క వాక్యం కూడా లేకుండా. అలా రాయగలిగితే రాయండి. రాసేటప్పుడు కాపురం ఊసు ఆగకపోతే, మీరు రాస్తున్నది ఫిర్యాదు కాదని మీకే తెలుస్తుంది.

మగవాళ్లు రాసే ఉత్తరాల సంగతి వేరు. విడిపోయిన భార్య పనిచేసే ఆఫీసుకి, స్కూలుకి వెళ్లి ఆవిడ నడవడిక గురించి పుకారు పుట్టించి వచ్చేవాళ్లూ ఉన్నారు. దానికి పరువు నష్టం కేసుతో పాటు గృహహింస చట్టం కూడా ఉంది. ఆవిడ పనిచేసే చోటికి రాకూడదని మెజిస్ట్రేట్ ఆంక్ష పెట్టొచ్చు, 18వ సెక్షన్ కింద. ఆడవాళ్ల ఉత్తరం ఉద్యోగం మీద గురిపెడుతుంది. మగవాళ్ల ఉత్తరం చాలాసార్లు ఒంటి మీద గురిపెడుతుంది. రెండూ ఒకటే అని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

ఇప్పుడు అసలు లెక్క. మా పిన్ని కోరినట్టు ఆయన ఉద్యోగం ఊడిందే అనుకుందాం. నాకు మనోవర్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. అమెరికాలో ఉన్న మా స్నేహితురాలి పరిస్థితి ఇంకా సున్నితం. ఆవిడ మాజీ భర్త హెచ్1బీ మీద ఉన్నాడు, కొడుకు హెచ్4 మీద. అక్కడ ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు, ఆలోపు ఇంకోటి దొరక్కపోతే తండ్రితో పాటు కొడుకు వీసా కూడా పోతుంది. ఆవిడ కూడా ఒక మెయిల్ రాసి పెట్టుకుంది. డ్రాఫ్ట్స్‌లోనే ఉందట.

మా లాయరమ్మ చెప్పిన దారిలో పోతే ఆయన ఆఫీసుకి కాగితం వెళ్తుంది, కానీ కోర్టు ముద్రతో. మనోవర్తి బకాయికి ఈపీ (కోర్టు ఇచ్చిన ఆర్డరు అమలు చేయించమనే పిటిషన్) వేశాం, జీతం అటాచ్‌మెంట్ కోరుతూ. మామూలు అప్పు డిక్రీ అయితే జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ఎవరూ ముట్టుకోకూడదు. మనోవర్తి డిక్రీకి ఆ లెక్క తిరగబడుతుంది. ఆయనకి మిగల్చాల్సింది మూడింట ఒక వంతే. ఇది సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది. నాలుగు పేజీల మెయిల్లో నేను కోరుకున్న దెబ్బ కంటే ఇది గట్టిది, పైగా నా మీద కేసు ఉండదు.

దాంతో పాటే మనోవర్తి పెంచమని కూడా వేశాం. అందుకని ఇద్దరం ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్లు దాఖలు చెయ్యాల్సి వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు అందరికీ పెట్టిన నియమం అది. ఆయన తన జీతం రాశాడు, సంతకం పెట్టాడు. కోర్టు అడిగితే కంపెనీ కూడా జీతం వివరాలు పంపింది. మర్యాదగా, ఒకే ఒక పేజీ.

పోయిన వాయిదాకి లాయరమ్మ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నా వైపు జరిపింది. కంపెనీ పంపినదాంట్లో ఇన్సెంటివ్ అని ఒక కాలమ్ ఉంది, నెలనెలా అంకెలున్నాయి. ఆయన అఫిడవిట్‌లో ఆ మాటే లేదు.

"ఇది రాయమ్మాయ్," అంది ఆవిడ, పెన్ను క్యాప్ తీసి నా చేతికిస్తూ. "జడ్జిగారికి. ఒక పేజీ దాటకు."